కంప్యూటర్ చదువు: బిడ్డను చూచి ఎన్నుకొందాము



ఇంటర్ ఫలితములు, ఆ వెనుక ప్రవేశ పరీక్ష ర్యాంకులు వచ్చే దినములలో మా ఇంటి వాకిట ఏటేటా ఒకే దృశ్యము కనబడుతుంది. ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిన తరువాత ఒక తండ్రి ఆగిపోతాడు. జేబులోనుండి ర్యాంకు కాగితము తీసి మడత విప్పుతాడు. ప్రక్కన కుమారుడో, కుమార్తెయో తల వంచుకొని నిలబడి ఉంటారు. "అయ్యగారూ, కంప్యూటర్‌లో రెండు మూడు రకాలున్నాయంట. సైన్సు అంటున్నారు, ఇంజనీరింగు అంటున్నారు. ఏది పెట్టమంటారు?" అని అడుగుతాడు.

ఈ ప్రశ్నకు మేము చాలా కాలము ఒకే జవాబు చెప్పేవారము. "కంప్యూటర్ సైన్సే పెట్టించండి. అది దొరకనివారు మిగతావి తీసుకొంటారు" అనేవారము. ఆ జవాబు తప్పు. ఆ తప్పు ఒక కుటుంబమునకు ఎంత నష్టము తెచ్చినదో చూచిన తరువాతనే ఈ విషయమును గూర్చి శ్రద్ధగా తెలుసుకొన్నాము.

మా సంఘములో ఒక అబ్బాయి ఉండేవాడు. హైస్కూలు చదివే రోజులనుండే ఊరిలో పాడైపోయిన మోటారు స్టార్టర్లు, టార్చిలైట్లు, మన చర్చి మైకు సెట్టు విప్పి బాగుచేసేవాడు. ర్యాంకు ఓ మోస్తరుగా వచ్చింది. దగ్గరలోని కళాశాలలో ఇ.సి.ఇ., అనగా ఎలక్ట్రానిక్స్ సీటు, కన్వీనరు కోటాలోనే వచ్చేది. మా మాట విని తండ్రి దూరపు పట్టణములో యాజమాన్య కోటా క్రింద సి.ఎస్.ఇ. సీటు కొన్నాడు. అందుకొరకు అరెకరము పొలము అమ్మాడు.

రెండవ సంవత్సరములోనే చిక్కు మొదలైంది. ఆ చదువులో విప్పి చూచే వస్తువేమీ లేదు. అంతా కాగితము మీద లెక్క, తెర మీద అక్షరాలు. తప్పిన సబ్జెక్టులు పేరుకుపోయినవి. నాలుగేళ్ళ చదువు ఆరేళ్ళకు ముగిసింది. ఇప్పుడతడు ఒక పట్టణములో సి.సి. కెమెరాలు, ఇన్వర్టర్లు అమర్చే పని చేసుకొంటున్నాడు. నిజాయితీగా సంపాదించుకొంటున్నాడు, సంతోషమే. కాని ఆ అరెకరము తిరిగి రాలేదు. ఆ తండ్రి మమ్మును ఒక్క మాట కూడ అనలేదు. అనకపోవుటయే మాకు ఎక్కువ బరువైనది. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

హార్మోనియము చేసేవాడు, రాగము కట్టేవాడు

మొదట రెండు చదువులకు తేడా ఏమిటో చూద్దాము. మన చర్చిలోని హార్మోనియమునే తీసుకొనండి. దాని తిత్తి, రీడ్లు, మెట్లు ఎలా అమర్చాలో, ఏ రీడు ఎంత పలుచగా ఉండాలో ఎరిగినవాడు ఒకడు. ఆ పెట్టె మీద ఏ స్వరము తరువాత ఏ స్వరము రావాలో ఎరిగి రాగము కట్టేవాడు మరొకడు. పెట్టె లేకపోతే రాగము వినబడదు. రాగము లేకపోతే పెట్టె మూగది.

కంప్యూటర్ ఇంజనీరింగు మొదటివాని చదువు. విద్యుత్తు, ట్రాన్సిస్టర్లు, చిప్పులు, వాటిని కలిపే సర్క్యూట్లు, యంత్రములోనే ఇమిడి ఉండే చిన్న ప్రోగ్రాములు దానిలోనివి. కంప్యూటర్ సైన్సు రెండవవాని చదువు. ఒక పనిని ఏ వరుసలో, ఎన్ని మెట్లలో చేయించాలి, సమాచారమును ఎలా దాచాలి, ఎలా వెదకాలి అనేవి దానిలోనివి.

ఈ రెండవ చదువు కంప్యూటర్ యంత్రము కంటె ముందే పుట్టినదంటే కొందరు ఆశ్చర్యపడవచ్చును. 1936లో అలన్ ట్యూరింగ్ అనే ఇంగ్లాండు యువకుడు, ఏ లెక్కను యంత్రము చేయగలదు, ఏది చేయలేదు అనే ప్రశ్నకు జవాబు వెదకుతూ కాగితము మీదనే ఒక యంత్రమును ఊహించాడు. ఈనాటి కంప్యూటర్ అప్పటికి లేనేలేదు.

దానికి ఇంకా ముందు జార్జి బూల్ ఉన్నాడు. ఈయన 1815లో ఇంగ్లాండులోని లింకన్ పట్టణములో చెప్పులు కుట్టే వాని ఇంట పుట్టాడు. విశ్వవిద్యాలయ పట్టా లేదు. స్వయముగా చదువుకొని, బడి నడుపుకొంటూ గణితము నేర్చి, 1849లో ఐర్లాండులోని కార్క్ కళాశాలలో గణితాచార్యుడయ్యాడు. 1854లో వెలువడిన తన గ్రంథములో ఆయన మనిషి ఆలోచనను 'అవును', 'కాదు' అనే రెండింటితో లెక్కలుగా వ్రాయవచ్చునని చూపించాడు.

మన పొలము వద్ద ఈ లెక్క రోజూ కనబడుతూనే ఉన్నది. మెయిన్ స్విచ్చి వేసి ఉండాలి, స్టార్టరు కూడ నొక్కాలి. రెండూ ఉంటేనే మోటారు తిరుగుతుంది. ఇది ఒక రకము. కాలువ వచ్చినా సరే, బోరు పోసినా సరే, ఏదో ఒకటి ఉంటే మడి తడుస్తుంది. ఇది రెండవ రకము. ఈ స్విచ్చిలకూ బూల్ లెక్కలకూ గల సంబంధమును 1937లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే విద్యార్థి తన పరిశోధన వ్యాసములో నిరూపించాడు. చెప్పులు కుట్టేవాని కుమారుడు వ్రాసిన లెక్క ఆనాటినుండి యంత్రములోనికి దిగింది. సైన్సు, ఇంజనీరింగు అక్కడ చేతులు కలిపినవి.

తరువాత ఇవి వేరు వేరు పట్టాలైనవి. అమెరికాలో మొదటి కంప్యూటర్ సైన్సు శాఖ 1962లో పర్డ్యూ విశ్వవిద్యాలయములో ఏర్పడింది. కంప్యూటర్ ఇంజనీరింగు పట్టా చదువు అక్కడ 1971లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయములో ప్రారంభమైనది. మన దేశములో 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 అనే కంప్యూటర్ వచ్చింది. హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. ప్రభుత్వ సంస్థ మన దేశములోనే కంప్యూటర్లు తయారుచేసిన తొలి సంస్థలలో ఒకటి. కనుక ఈ రెండు చదువులలో ఏదియు నిన్న మొన్నటి మోజు కాదు, ఏదియు రెండవ తరగతి చదువు కాదు.

రెండు పొరపాట్లు

తేడా ఇంకా స్పష్టముగా తెలియాలంటే రెండు పొరపాట్లను చూద్దాము.

1994లో ఇంటెల్ సంస్థవారి పెంటియం చిప్పులో ఒక లోపము బయటపడింది. భాగహారము చేయుటకు చిప్పులోపల చెక్కిన పట్టికలో కొన్ని గడులు నింపకుండా మిగిలిపోయినవి. ఏ కొద్ది లెక్కలలోనో జవాబు తప్పుగా వచ్చేది. చిప్పు ఒకసారి తయారై మనుష్యుల ఇండ్లకు వెళ్ళిన తరువాత దానిని దిద్దుటకు వీలులేదు. కొత్త చిప్పులు ఇవ్వవలసి వచ్చింది. ఆ సంస్థ 47.5 కోట్ల డాలర్లు నష్టము క్రింద వ్రాసుకొన్నది. ఇది ఇంజనీరింగు వైపు పొరపాటు.

1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు పైకి లేచిన 40 సెకన్లలోపే ముక్కలైపోయింది. యంత్రములో ఏ లోపమూ లేదు. పాత ఏరియాన్ 4 కొరకు వ్రాసిన ప్రోగ్రామును దీనిలోనికి తెచ్చారు. కొత్త రాకెట్టు వేగము ఎక్కువ. ఒక పెద్ద సంఖ్యను చిన్న గదిలో ఉంచబోయేసరికి అది పట్టలేదు. ఆ గదిలో 32,767 వరకే పడుతుంది. ధాన్యము ఎక్కువై గాదె పగిలినట్లయింది. ఇది సైన్సు వైపు పొరపాటు.

రెండు చోట్లా చదువుకొన్న మేధావులే ఉన్నారు. అయితే ఒకచోట కావలసినది వస్తువును ముందుగానే పదిసార్లు పరీక్షించే ఓర్పు. రెండవచోట కావలసినది "ఇలా అయితే ఏమవుతుంది?" అని కంటికి కనబడనిదానిని ఊహించే ఓర్పు. మీ బిడ్డలో ఏ ఓర్పు ఉన్నది? ప్రశ్న అక్కడనే మొదలుపెట్టాలి.

మన కళాశాలలలో ఏ పేరుతో ఉన్నవి?

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు పొరపడతారు. మన రెండు తెలుగు రాష్ట్రములలో బి.టెక్. స్థాయిలో 'కంప్యూటర్ ఇంజనీరింగు' అనే పేరు అరుదు. ఆ చదువు రెండుగా పంచబడి ఉన్నది. ఆలోచన, ప్రోగ్రాముల భాగము ఎక్కువగా సి.ఎస్.ఇ.లో ఉన్నది. చిప్పులు, సర్క్యూట్ల భాగము ఎక్కువగా ఇ.సి.ఇ.లో ఉన్నది. కనుక మన బిడ్డలకు నిజమైన ఎన్నిక ఈ రెండింటి మధ్యనే.

సి.ఎస్.ఇ.లో రెండవ సంవత్సరము మొదలు డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ గణితము, డేటాబేసులు, ఆపరేటింగ్ సిస్టమ్స్, ఆల్గారిథమ్స్, నెట్‌వర్కులు, కంపైలర్లు వస్తాయి. యంత్రమును గూర్చి ఒకటి రెండు సబ్జెక్టులే ఉంటాయి. ఇ.సి.ఇ.లో ఎలక్ట్రానిక్ పరికరములు, సిగ్నల్స్, డిజిటల్ సర్క్యూట్లు, మైక్రోప్రాసెసర్లు, విద్యుదయస్కాంత తరంగములు, చిప్పుల రూపకల్పన అనబడే వి.ఎల్.ఎస్.ఐ. వస్తాయి. దీనిలో భౌతిక శాస్త్రము, గణితము రెండూ గట్టిగా కావాలి. లెక్కలంటే భయపడి సి.ఎస్.ఇ. వదలి ఇ.సి.ఇ.లో చేరేవారు అక్కడ మరింత కష్టపడతారని మరువవద్దు.

ఐ.టి. అనే బ్రాంచి దాదాపు సి.ఎస్.ఇ. వంటిదే. 2020 తరువాత కృత్రిమ మేధ, డేటా సైన్సు పేర్లతో సి.ఎస్.ఇ.కి అనేక కొమ్మలు వచ్చినవి. మొదటి రెండేండ్లు మూలపాఠములు చాలావరకు ఒక్కటే, చివరి ఏండ్లలో తేడా. పేరు చూచి ఎక్కువ సొమ్ము పోయకుండ, ఆ సబ్జెక్టులు చెప్పే అధ్యాపకులు నిజముగా ఉన్నారా అని అడిగి తెలుసుకొనండి.

పదవ తరగతి తరువాత పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో చేరే బిడ్డలకు మాత్రము 'కంప్యూటర్ ఇంజనీరింగు' అనే పేరుతోనే మూడేండ్ల డిప్లొమా ఉన్నది. పేరులో ఇంజనీరింగు ఉన్నను దానిలో ప్రోగ్రాములు, డేటాబేసులే ఎక్కువ. పరికరములంటే ఇష్టపడే బిడ్డకు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా తగినది. డిప్లొమా ముగిసిన తరువాత ఇ.సెట్ వ్రాసి నేరుగా బి.టెక్. రెండవ సంవత్సరములో చేరవచ్చును.

ఇంజనీరింగు సీటు రాలేదని, లేక కొనలేమని కృంగిపోయేవారు మరొక త్రోవను గుర్తించాలి. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో గణితముతో కూడిన బి.ఎస్.సి. కంప్యూటర్ సైన్సు చదివి, ఐ.సెట్ వ్రాసి ఎం.సి.ఎ. చేయవచ్చును. ఒకప్పుడు మూడేండ్లుగా ఉన్న ఎం.సి.ఎ. 2020 నుండి రెండేండ్లకు తగ్గింది. మా సంఘములో ఒక కూలివారి అమ్మాయి ఈ త్రోవనే వెళ్ళింది. ఊరినుండి బస్సులో కళాశాలకు వెళ్ళి వచ్చేది. ఆ ఇంటివారు ఒక్క గొర్రెనైనా అమ్మలేదు. ఈనాడు ఆమె ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తూ తమ్ముణ్ణి చదివిస్తున్నది.

ఉద్యోగముల మాట

"ఏది చదివితే ఉద్యోగము వస్తుంది?" అని అడుగుట తప్పు కాదు. అప్పు చేసి చదివించేవారు అడిగి తీరాలి.

పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలు క్యాంపస్ ఎంపికలలో సి.ఎస్.ఇ. వారినే గాక ఇ.సి.ఇ. వారిని కూడ తీసుకొంటూ వచ్చినవి. ప్రోగ్రాము వ్రాయగలడా అని పరీక్షిస్తారు గాని బ్రాంచి పేరు మాత్రమే చూడరు. ఇ.సి.ఇ. చదివినవాడు సాఫ్ట్‌వేర్‌కు వెళ్ళుట సాధారణము. సి.ఎస్.ఇ. చదివినవాడు చిప్పుల రూపకల్పనకు వెళ్ళుట అంత సులభము కాదు. అయితే మొదటిరోజునుండి ప్రోగ్రాములే వ్రాయాలని ఆశపడే బిడ్డకు నాలుగేండ్లు తరంగముల లెక్కలు చేయించుట శిక్షయే.

ప్రభుత్వ రంగములో ఇస్రో సంస్థ ఎలక్ట్రానిక్స్ వారిని, కంప్యూటర్ సైన్సు వారిని వేరు వేరుగా ఎంపిక చేస్తుంది. గేట్ పరీక్షలో కూడ రెండింటికి వేరు వేరు ప్రశ్నపత్రములు ఉన్నవి. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము చిప్పుల పరిశ్రమ కొరకు 76,000 కోట్ల రూపాయల పథకమును ప్రకటించింది. 2023లో గుజరాత్‌లోని సనంద్‌లో మైక్రాన్ సంస్థ కర్మాగారము పని మొదలైంది. ఎలక్ట్రానిక్స్ చదువు పాతబడిపోయినదనే మాటలో నిజము లేదు.

మరి కంప్యూటరే ప్రోగ్రాములు వ్రాస్తున్నది కదా, ఇక సి.ఎస్.ఇ. ఎందుకని కొందరు అడుగుతున్నారు. 2022 నవంబరులో చాట్ జి.పి.టి. వచ్చిననాటినుండి ఈ ప్రశ్న పెరిగింది. చిన్న చిన్న ప్రోగ్రాములు యంత్రము వ్రాస్తున్న మాట నిజమే. కాని అది వ్రాసినది ఒప్పో తప్పో చెప్పుటకు మూలము తెలిసినవాడు కావాలి. ఏరియాన్ రాకెట్టు పడిపోయినది ఎవరో వ్రాసిన ప్రోగ్రామును, కొత్త చోట సరిపోతుందో లేదో చూడకుండ వాడినందుననే గదా! పైపైన నేర్చినవానికి కష్టకాలమే. లోతుగా నేర్చినవానికి రెండు చదువులలోను పని ఉంటుంది.

ఇంటిలో చేయదగిన చిన్న పరీక్ష

ఆప్షన్లు పెట్టుటకు ముందు వేసవిలోనే ఒక వారము బిడ్డను గమనించండి.

ఒక రోజు ఊరిలోని నలభై మంది పేర్లు ఇచ్చి, వీటిని అక్షర క్రమములో అమర్చే విధానమును, ఏమియు తెలియని చిన్న పిల్లవాడు కూడ చేయగలిగేటట్లు మెట్టుమెట్టుగా వ్రాయమనండి. మరుసటి రోజు నాలుగువందల పేర్లయితే ఇంకా త్వరగా ఎలా చేయవచ్చునో అడగండి. ఆ ప్రశ్న విని భోజనము కూడ మరచి ఆలోచించేవాడు కంప్యూటర్ సైన్సు వైపువాడు.

మరొక రోజు పనిచేయని రేడియోనో, పాత టార్చిలైటునో చేతికివ్వండి. కరెంటు తీగకు తగిలించనివ్వవద్దు, బ్యాటరీతో నడిచేదే ఇవ్వండి. దానిని విప్పి, కరెంటు ఎక్కడివరకు వస్తున్నది, ఎక్కడ ఆగుతున్నది అని వెదకుతూ కూర్చొనేవాడు ఎలక్ట్రానిక్స్ వైపువాడు. ఆడపిల్లకు కూడ ఈ పరీక్ష పెట్టండి. స్క్రూడ్రైవరు అబ్బాయిల సొత్తు కాదు.

రెండూ ఇష్టపడితే సంతోషము. ఏ మంచి కళాశాల దగ్గరలో, తక్కువ ఖర్చులో దొరికితే దానిలో చేర్చవచ్చును. రెండింటిలోను మనస్సు నిలువకపోతే దుఃఖపడవద్దు. వ్యవసాయము, నర్సింగు, ఉపాధ్యాయ వృత్తి, వాణిజ్యము ఉన్నవి. కంప్యూటర్ చదవని బిడ్డ చెడిపోయిన బిడ్డ కాదు.

కాగితములు, సొమ్ము

కౌన్సెలింగులో ఎన్ని ఆప్షన్లయినను పెట్టవచ్చును. మీరు పెట్టిన వరుసలో పైనుండి చూచుకొంటూ వచ్చి, మీ ర్యాంకుకు అందిన మొదటిదానిని ఇస్తారు. కనుక వరుసయే ముఖ్యము. నెట్ సెంటరు అబ్బాయి చేతికి ర్యాంకు కార్డు ఇచ్చి "నీవే పెట్టు నాయనా" అని రావద్దు. ముందురోజు రాత్రి ఇంటిలో బిడ్డతో కూర్చొని కాగితము మీద వరుస వ్రాసుకొని వెళ్ళండి.

కుల, ఆదాయ ధ్రువపత్రములు ముందే సిద్ధము చేసుకొనండి. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు, వారి సంతతివారు మన రెండు రాష్ట్రములలో బి.సి. 'సి' వర్గములో ఉన్నారు. వారికి 1 శాతము రిజర్వేషను కలదు. ఈ సంగతి తెలియక ఆ వరుసలో దరఖాస్తు చేయనివారిని మేము చూచాము. ఫీజు తిరిగి చెల్లించే పథకముల నియమములు మారుతూ ఉంటాయి గనుక చేరకముందే ఆ సంవత్సరపు నియమము అడిగి వ్రాసుకొనండి. హాస్టలు, బస్సు, పుస్తకముల ఖర్చు నాలుగేండ్లకు కూడి చూడండి.

పొలము అమ్మి సీటు కొనే ముందు ఒక్క ప్రశ్న వేసుకొనండి: ఈ సొమ్ము బిడ్డ ఇష్టము కొరకా, బంధువుల ముందు మన మాట కొరకా?

చివరగా ఒక మాట. మొన్నటి వేసవిలో మరొక తండ్రి మా వద్దకు వచ్చి, మామూలు ప్రశ్ననే అడిగాడు. ఈసారి మేము జవాబు చెప్పలేదు. తల వంచుకొని నిలబడిన అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, నీకు ఏ పని చేస్తుంటే పొద్దు తెలియదు?" అని అడిగాము. కొంచెము సేపు మౌనముగా ఉండి ఆమె చెప్పనారంభించింది. తండ్రి ఆశ్చర్యముతో వింటూ ఉండిపోయాడు. పదిహేడేండ్లు ఒకే ఇంటిలో ఉన్నను ఆ మాటలు ఆయన మొదటిసారి వింటున్నాడు.

మీ ఇంటిలో కూడ ఆ ప్రశ్న అడగండి. జవాబు పూర్తిగా వినండి. ఆ తరువాతనే ఆప్షన్లు పెట్టండి.